మొఱ్ఱ, ఫిర్యాదు, పశ్చాత్తాపం: తెలుగు క్రైస్తవ ప్రార్థనా సాహిత్యంలో విలాప స్వరం

తెలుగు బైబిలుతో పరిచయం ఉన్నవారికి 'మొఱ్ఱ' అనే మాట ప్రత్యేకంగా చెప్పవలసింది కాదు. పాత నిబంధనలో కష్టంలో ఉన్న మనిషి దేవుడితో మాట్లాడే చోట 'ప్రార్థన' కంటె ముందు గుర్తుకు వచ్చే మాట అదే. ఐగుప్తులో వెట్టిచాకిరి చేసిన ఇశ్రాయేలీయులది మొఱ్ఱ. కీర్తనకారుడు పెట్టేదీ మొఱ్ఱే. ఇది అనువాదకులు కొత్తగా కల్పించిన పదం కాదు. పోతన భాగవతంలో మొసలి నోట చిక్కిన గజేంద్రుడిది మొర. జమీందారు కచేరీ ముందు రైతు పెట్టుకున్నదీ మొరే. ప్రార్థనలో ప్రధానంగా ఉన్నది అర్థించడం. మొరలో అర్థించడంతోపాటు జరిగినదాన్ని చెప్పుకోవడం ఉంది, ఆలకించవలసినవాడు ఇంకా ఆలకించలేదన్న సూచనా ఉంది. 'ఫిర్యాదు' అనే పారసీక పదానికి కూడా మూలార్థం సాయం కోసం పెట్టే కేకే. తరువాత అది కచేరీలకూ పోలీసు ఠాణాలకూ చేరి కాగితం మీది వ్యవహారంగా మారింది.

ఈ మూడు మాటల మధ్య దూరాన్ని కొలవడమే ఈ వ్యాసం ఉద్దేశం. హీబ్రూ విలాప కీర్తనల్లో మొఱ్ఱ ఫిర్యాదు దాకా వెళ్తుంది. తెలుగు క్రైస్తవ కీర్తన సాహిత్యంలో అదే మొఱ్ఱ ఎక్కువసార్లు పశ్చాత్తాపం వైపు తిరుగుతుంది. ఈ మలుపు ఎక్కడ, ఎందుకు వచ్చిందన్నది మతశాస్త్రానికి మాత్రమే చెందిన ప్రశ్న కాదు. సాహిత్య రూపానికి సంబంధించిన ప్రశ్న కూడా. ఈ కీర్తనలు పాడుకున్న సంఘాల్లో అత్యధికులు దళితులు. కరువునూ దాడులనూ చూసిన మనుషులు. వారి ప్రార్థనలో వారి కష్టానికి ఏ వ్యాకరణం దొరికిందన్నది తెలుగు సాహిత్య విద్యార్థి పట్టించుకోదగిన విషయమని నా అభిప్రాయం.

విలాప కీర్తన నిర్మాణం

కీర్తనల గ్రంథంలోని నూట యాభై కీర్తనల్లో సుమారు మూడోవంతు విలాపాలు. వీటిని ఒక సాహిత్య ప్రక్రియగా గుర్తించి వ్యక్తి విలాపమని, సామూహిక విలాపమని విభజించినవాడు జర్మన్ పండితుడు హెర్మన్ గుంకెల్. సంబోధన, ఫిర్యాదు, విన్నపం, విశ్వాస ప్రకటన, స్తుతి చెల్లిస్తానన్న మొక్కుబడి: స్థూలంగా ఇదీ నడక. ఆయన తరువాత క్లౌస్ వెస్టర్‌మన్ మరొక ముఖ్యమైన పరిశీలన చేశాడు. విలాపంలోని ఫిర్యాదుకు మూడు ముఖాలుంటాయన్నాడు. ఒకటి దేవుడి వైపు, ఒకటి విలపించే తనవైపు, మూడోది శత్రువు వైపు. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే 'నీవు', 'నేను' (లేదా 'మేము'), 'వారు'. నీవు ఎందుకు ఊరకున్నావు, నేను ఏమైపోయాను, వారు నన్నేం చేశారు. ఈ మూడు పురుషలూ కలిసి ఉన్నంతవరకే విలాపం విలాపంగా నిలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటి తప్పుకున్నా అది మరో ప్రక్రియగా మారిపోతుంది. ఈ వ్యాసంలోని తర్కమంతా ఈ పరిశీలన మీదే ఆధారపడింది.

44వ కీర్తన చూడండి. అది యుద్ధంలో ఓడిన జాతి పెట్టిన మొఱ్ఱ. ఓటమికి తమ పాపం కారణమని వారు ఒప్పుకోరు. మేము నిన్ను మరువలేదు, నీ నిబంధన మీరలేదు, అయినా మమ్మల్ని వధకు సిద్ధమైన గొఱ్ఱెలను చేశావని నేరుగా దేవుణ్ణే నిలదీస్తారు. చివరికి నిద్ర లేవమని అడుగుతారు. ఆశ్చర్యం ఏమంటే ఇందులోని వధకు సిద్ధమైన గొఱ్ఱెల మాటనే అపొస్తలుడైన పౌలు రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉదాహరించాడు. అక్కడ దాని సందర్భం పూర్తిగా వేరు. క్రీస్తు ప్రేమనుంచి మనల్ని ఏదీ ఎడబాపలేదన్న నిశ్చయానికి అది ఆధారమైంది. ఫిర్యాదు భరోసాగా మారింది. తెలుగు క్రైస్తవ పాఠకుడికి ఆ మాట మొదట గుర్తుకు వచ్చేది పౌలు పత్రిక నుంచే అయి ఉంటుంది. అంటే తెలుగులోకి రాకముందే, క్రైస్తవ పఠనంలోనే, విలాపం ఒకసారి చల్లబడింది.

88వ కీర్తన మరింత కఠినం. విలాప కీర్తనలు సాధారణంగా విశ్వాస ప్రకటన వైపు తిరుగుతాయి, ఇది తిరగదు. హీబ్రూ మూలంలో దీని ఆఖరి మాట చీకటి. తెలుగులో క్రియ వాక్యాంతంలో ఉండాలి కనుక ఆ మాట చివరి స్థానాన్ని కోల్పోతుంది. అనువాదకులు దానికి పరిహారంగా అవధారణార్థకాన్ని వాడి, చీకటిని బంధుత్వవాచకంతో ముడిపెట్టారు. స్నేహితులూ ఆప్తులూ దూరమైన మనిషికి మిగిలిన చుట్టం చీకటి ఒక్కటే అన్న భావం తెలుగులో మూలానికి ఏమాత్రం తగ్గకుండా పలుకుతుంది. తెలుగు బైబిలు వచనం మీద కృతకమనే నింద తరచు వినిపిస్తుంది. కానీ విలాప కీర్తనల దగ్గర ఆ నింద నిలవదు. మొఱ్ఱను ఫిర్యాదుగా పలికించగల భాష ఆ వచనంలో ఉంది. కనుక లోపం అనువాదంలో వెదకనవసరం లేదు.

కీర్తనలో తప్పుకున్న పురుషలు

తెలుగు ప్రొటెస్టంటు సంఘాల చేతిలో బైబిలుతోపాటు ఎప్పుడూ ఉండే పుస్తకం 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'. పుస్తకం శీర్షికలోనే 'కీర్తన' అన్న మాట రెండు సంప్రదాయాలను కలుపుతుంది. ఒకటి దావీదు కీర్తన, రెండోది పల్లవి, అనుపల్లవి, చరణాలున్న పదకీర్తన. రాగతాళాల నిర్దేశంతో అచ్చైన ఈ కీర్తనలు మన వాగ్గేయకార సంప్రదాయానికి దగ్గరి చుట్టాలు. వీటిని ఒక ప్రక్రియగా నిలబెట్టినవారిలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌదరి (1803–1890). బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవం స్వీకరించిన ఆ కవి ఛందస్సులోనూ సంగీతంలోనూ సాధించిన పట్టు ఈ పుస్తకానికి పునాది. ఆయన కీర్తనల్లో వేదన లేదని ఎవరూ అనలేరు. అయితే ఆ వేదన దేని గురించి? తన అయోగ్యత గురించి, తన పాపం గురించి, తన కోసం క్రీస్తు పడిన శ్రమ గురించి. వెస్టర్‌మన్ చెప్పిన మూడు ముఖాల్లో ఇక్కడ బలంగా ఉన్నది 'నేను' ఒక్కటే. 'నీవు' ఉంది కానీ ప్రశ్నకు అతీతంగా ఉంది. 'వారు' అన్న స్థానంలో సాతాను, లోకం, శరీరం వచ్చి చేరాయి. శత్రువుకు ఊరూ పేరూ లేకుండా పోయాయి. దేవుణ్ణి అడగరానిదీ, శత్రువు కంటికి కనబడనిదీ అయిన విలాపంలో దోషం మోయడానికి మిగిలేది విలపించేవాడే. విలాపం పశ్చాత్తాపంగా మారడానికి కారణం ఇదే. కవి భావుకతలో లోపం వల్ల జరిగింది కాదిది. ప్రార్థనలోని సర్వనామాలను సర్దినప్పుడు దానంతట అదే జరిగే పని.

ఈ పరిశోధన మొదలుపెట్టినప్పుడు నేను దీనికి మరొక కారణం అనుకున్నాను. విలాప కీర్తన ముందుకు నడిచే రూపం; ఫిర్యాదు నుంచి బయలుదేరి ఎక్కడికో చేరుతుంది. పదకీర్తన తిరిగి వచ్చే రూపం. ప్రతి చరణమూ పల్లవి దగ్గరికి రావలసిందే. పల్లవిలో నమ్మకమో స్తుతో ఉంటే, చరణంలో తెరుచుకున్న గాయం ప్రతి ఆవృత్తిలోనూ మూసుకుపోతుంది. కనుక రూపమే విలాపాన్ని అడ్డుకున్నదని వాదించవచ్చుననుకున్నాను. ఆ వాదాన్ని వదులుకోవలసి వచ్చింది. కారణం భద్రాచల రామదాసు.

గోలకొండ చెరలో ఉన్న కంచెర్ల గోపన్న పాడినవి కూడా పల్లవికి తిరిగి వచ్చే కీర్తనలే. అవి చల్లబడవు. రాముడికీ సీతకూ తమ్ములకూ ఏ నగ చేయించాడో, దానికెంత అయిందో లెక్క చెప్పి, ఇంత చేసినవాణ్ణి ఇలా వదిలేశావేమని గోపన్న నిలదీస్తాడు. చరణం ఒక పద్దు, పల్లవి దాని మీద పడే తాకీదు. తిరిగి వచ్చిన ప్రతిసారీ తాకీదు గట్టిపడుతుంది. పల్లవిలో ఏం పెట్టాం అన్నదే ప్రశ్న గానీ పల్లవి ఉండడం సమస్య కాదు. నిందాస్తుతి మన కీర్తన సంప్రదాయానికి కొత్త కాదు, నిషిద్ధమూ కాదు. అయితే క్రైస్తవ కీర్తనకారులు రామదాసు రూపాన్ని తీసుకొని ఆయన స్వరాన్ని ఎందుకు తీసుకోలేదు?

ఒక సమాధానం సిద్ధాంతపరమైనది. ఆత్మపరీక్షకూ మారుమనస్సుకూ ప్రాధాన్యమిచ్చిన మిషనరీ బోధలో శ్రమ అంటే శిక్షణ; శ్రమలో దేవుణ్ణి ప్రశ్నించడం అవిశ్వాసం. యోబు గ్రంథం దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తీర్పు ఇస్తుంది. చివర దేవుడు తన గురించి యుక్తంగా మాట్లాడినవాడు యోబే అంటాడు, ఆయనను సమర్థించిన స్నేహితుల మీద కోపపడతాడు. అయినా ప్రసంగాల్లో యోబు ఓర్పుకు ఉదాహరణగానే వినిపిస్తాడు, వాదనకు కాదు. వాల్టర్ బ్రూగెమన్ 1986లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో విలాపాన్ని కోల్పోవడం వల్ల సంఘం ఏం నష్టపోతుందో చర్చించాడు. దేవుడి ముందు న్యాయాన్ని గురించిన ప్రశ్న అణగిపోతే లోకంలో కూడా ఆ ప్రశ్న అణగిపోతుందన్నది ఆయన వాదనలో కీలకం. పాశ్చాత్య సంఘాలను దృష్టిలో పెట్టుకొని అన్న మాట ఇది. మన సందర్భంలో దీనికి చిన్న సవరణ అవసరం, దాన్ని చివర ప్రస్తావిస్తాను.

రెండో సమాధానం సాంఘికం, నాకు ఇదే ముఖ్యంగా తోస్తుంది. రామదాసు నింద వెనుక ఒక హక్కు ఉంది. అతడు తహసీలుదారు, గుడి కట్టించినవాడు, ఇచ్చినవాడు. ఇచ్చినవాడికే లెక్క అడిగే అధికారం ఉంటుంది. విలాప కీర్తనలోని ఫిర్యాదుకు కూడా నిబంధన అనే హక్కు ఆధారం. గుడి గడప తొక్కనివ్వని జాతికి దేవుడితో ఏ పద్దు ఉంది? కొత్తగా దొరికిన దేవుడితో లెక్క తేల్చుకొనే చనువు మొదటి తరానికి ఎక్కడిది? కృతజ్ఞత నిండిన గొంతులో నిందాస్తుతి పలకదు.

కరువులో వినబడని మాటలు

ఒంగోలు చరిత్ర ఇక్కడ ప్రస్తావించక తప్పదు. 1854 నూతన సంవత్సర ప్రాతఃకాలాన లైమన్ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించిన ఘట్టం అమెరికన్ బాప్టిస్టు మిషన్ చరిత్రలో పవిత్ర గాథగా మిగిలింది. 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. అదే ఏడు మాదిగ కులానికి చెందిన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న నింద రాకుండా కరువు నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ అంకెను చెప్పని మిషన్ చరిత్ర లేదు. కానీ ఆ రెండు వేల పైచిలుకు మంది కాలువ గట్టున మట్టి మోస్తూ, బిడ్డల్ని పూడ్చిపెట్టుకుంటూ దేవుడితో ఏ మాటలన్నారు? మనకు చేరినది మిషనరీల కలం వడబోసిన కథనమే. క్లౌ ఆత్మకథనాత్మక గ్రంథం 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్' (1914) సైతం ఆయన జ్ఞాపకాల నుంచి ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ కూర్చినది. మాదిగల విశ్వాస జీవితం పట్ల దానిలో నిజమైన ఆసక్తి ఉంది, అయినా అది ఆంగ్లంలో, దాతల సమాజాన్ని దృష్టిలో ఉంచుకొని రాసినది. తెలుగు మొఱ్ఱ ఆంగ్ల సాక్ష్యంగా మారినప్పుడు అందులోని ఫిర్యాదు ఎంత మిగులుతుందో ఊహించవచ్చు. కీర్తనల పుస్తకంలో 'వారు' లేకపోవడం చూసి, ఆ సంఘాల ప్రార్థనలోనే 'వారు' లేరని నిర్ణయించడం తొందరపాటు అవుతుంది.

సంఘం వెలుపల చేరిన విలాపం

పుస్తకంలో చోటు లేని స్వరం ఎక్కడికి పోయింది? కొంత జాషువ దగ్గరికి వెళ్లిందని నేను భావిస్తున్నాను. 'గబ్బిలం' (1941) సందేశకావ్యమన్నది అందరూ ఎరిగినదే. మేఘదూతంతో పోలికలు ఇప్పటికే చాలినంత జరిగాయి. దాన్ని ప్రార్థనగా చదివితే మరో సంగతి కనిపిస్తుంది. ఆకలిగొన్న అస్పృశ్యుడు కాశీలోని శివుడికి తన గోడు వినిపించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. విలాప కీర్తనలో మధ్యవర్తి లేడు. మొఱ్ఱ నేరుగా దేవుడి చెవికే. ఇక్కడ గుడిలోకి మనిషి వెళ్లలేడు, పక్షి జాతిలో కూడా వెలి అయిన ఆ ప్రాణి వెళ్లగలదు. అందుచేత ప్రార్థనకు కూడా దూత కావలసి వచ్చింది. అయినా మూడు ముఖాలూ పూర్తిగా ఉన్నాయి: అలక్ష్యం చేసిన దేవుడు, ఆకలితో ఉన్న నేను, అన్నం తిననివ్వని వారు. తెలుగులో హీబ్రూ విలాపానికి నిర్మాణపరంగా అత్యంత సన్నిహితమైన రచనల్లో ఒకటి, క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి శివుణ్ణి ఉద్దేశించి రాసినది కావడం యాదృచ్ఛికం కాదు. అదే కవి తరువాత రాసిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అందులో కరుణ ఉంది, శిల్పం ఉంది. ఫిర్యాదు మాత్రం 'గబ్బిలం'లోనే ఉండిపోయింది. క్రీస్తు ముందు ఆ కవి గొంతు తగ్గిందని అనడం సాహసమే, కానీ రెండు కావ్యాలనూ పక్కపక్కన పెట్టి చదివినవారు ఆ తేడాను కాదనలేరనుకుంటాను.

1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ఈ రెండు తేదీల తరువాత 'వారు' ఎవరన్నది తెలియనట్లు రాయడం తెలుగు కవిత్వానికి సాధ్యం కాలేదు. ఈ రెండు ఊళ్ల బాధితుల్లో ఎందరో క్రైస్తవ ప్రార్థన వింటూ పెరిగినవారే. అప్పుడు వెల్లువెత్తిన దళిత కవిత్వంలో బైబిలు పదజాలం, సిలువ, శిలువ మేకులు, పస్కా గొఱ్ఱెపిల్ల ఎంతగా చేరాయో విమర్శకులు గుర్తించారు. ప్రతీకలను గుర్తించినంతగా రూపాన్ని గుర్తించలేదు. మద్దూరి నగేష్‌బాబు ఒక సంపుటికి పెట్టుకున్న పేరు 'నరలోక ప్రార్థన'. ప్రతి క్రైస్తవ పిల్లవాడూ కంఠస్థం చేసే 'పరలోక ప్రార్థన' మీద ఒక్క అక్షరం మార్చి చేసిన పేరు ఇది. దీన్ని కేవలం వ్యంగ్యమనడం నాకు సమ్మతం కాదు. ప్రార్థన అన్న మాటను ఆయన తీసేయలేదు. దాని చిరునామా మార్చాడు. పరలోకమందున్నవాడికి చేరవలసిన ఫిర్యాదును, అది చేసినవారికీ చూసి ఊరకున్నవారికీ పంపాడు. దేవుడి ముందు ప్రశ్న అణగితే లోకంలోనూ అణగుతుందన్న బ్రూగెమన్ మాటకు నేను చేయదలచిన సవరణ ఇక్కడే. తెలుగులో అది అణగలేదు. కీర్తనల పుస్తకం దాటి, సంఘం దాటి, కవిత్వంలోకి వచ్చి చేరింది. నష్టం జరిగింది కవిత్వానికి కాదు, ఆరాధనకు.

ఒక మినహాయింపు చెప్పాలి. ఏటా శుభ శుక్రవారం నాడు సిలువ మీది ఏడు మాటల ధ్యానంలో నాలుగో మాట వస్తుంది. అది 22వ కీర్తన తొలి మాట, దేవుడు తనను ఎందుకు విడిచాడని అడిగే ప్రశ్న. తెలుగు బైబిలు ఆ కేకను మూలభాషలో అలాగే ఉంచి, పక్కన అర్థం ఇస్తుంది. అనువాదానికి లొంగకుండా మిగిలిన ఆ రెండు మూడు ధ్వనుల్లో విలాపం సంఘం మధ్యనే నిలిచి ఉంది. దాని మీద చేసే ప్రసంగం ఎక్కువగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పేస్తుంది, అది వేరే సంగతి.

అచ్చు కాని ప్రార్థన

ఇంతవరకు చెప్పినదంతా అచ్చైన పాఠాల గురించి. మౌఖిక ప్రార్థన లెక్కలోకి వస్తే ఈ నిర్ధారణలు కొన్ని మారవచ్చు. పల్నాడులో మా అమ్మమ్మ రాత్రి దీపం తగ్గించాక చేసే ప్రార్థన చిన్నతనంలో రోజూ విన్నాను. ఆదివారం గుడిలో ఆమె పాడే కీర్తనకూ దానికీ పొంతన ఉండేది కాదు. మిరప తోటకు తెగులు వచ్చిన సంగతి, పురుగుమందుల కొట్టులో ఎంత బాకీ ఉందో, వడ్డీకి ఇచ్చిన ఆసామి పొద్దున ఇంటి ముందు నిలబడి ఏ మాట అన్నాడో పేరుతో సహా చెప్పేది. ఇంత చెబుతున్నా నీకు పట్టదేం తండ్రీ అనేది. నీవు, నేను, వారు ముగ్గురూ అక్కడ ఉన్నారు. రామదాసు పద్దు కూడా ఉంది. చదువు రాని మనిషికి ఇది 44వ కీర్తన నుంచి వచ్చిందా, భజన గుంపు పాటల నుంచి వచ్చిందా, తన లోపలినుంచే వచ్చిందా చెప్పలేను. వాడలోని ఇళ్లలో, ఉపవాస కూడికల్లో ఇటువంటి ప్రార్థనలు ఇప్పటికీ వినిపిస్తాయి. జానపద గేయాలకూ శ్రమ గీతాలకూ చేసిన సేకరణ వీటికి జరగవలసి ఉంది.

సేకరణలో ఇబ్బంది ఉంది. పరిశోధనలో చేరిన ఏడాది సెలవులకు వెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను, రాత్రి చేసే ప్రార్థన ఒకసారి చేయమని అమ్మమ్మను అడిగాను. ఆమె కొంగు తల మీదికి లాక్కొని, కళ్లు మూసుకొని, పరలోక ప్రార్థన పొల్లు పోకుండా అప్పజెప్పింది. మత్తయి సువార్త పాఠం అది. లూకాలో 'పాపములు' అని ఉన్నచోట మత్తయిలో 'ఋణములు' అని ఉంటుంది. ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్లీ అందుకొని ఆమేన్ అంది. రికార్డు ఆపేశాక, మంచం మీద పడుకొని, కొట్టువాడి బాకీ సంగతి మొదలుపెట్టింది.